మూడేళ్ల రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తే

నాకు ఏ బాధా లేదు. ముందుగా ఇది చెప్పాలి, ఎందుకంటే నాకు ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చిందని ఎవరికి చెప్పినా మొదట అడిగేది "ఎలా తెలిసింది, లక్షణాలేంటి?" అనే. ఏం లేవు. మూత్రం సాఫీగా వచ్చేది, రాత్రి ఎప్పుడైనా ఒకసారి లేచేవాణ్ణి, అదీ పడుకునే ముందు నీళ్లు ఎక్కువ తాగిన రోజున. పొద్దున్నే గంటసేపు సైకిల్ తొక్కేవాణ్ణి. 58 ఏళ్లకి ఇంతకంటే ఏం కావాలి అని లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఏటా చేయించుకునే రక్తపరీక్షల్లో షుగరు, కొలెస్ట్రాల్‌తో పాటు పీఎస్‌ఏ అని ఒకటి ఉండేది. అదేంటో నాకు తెలీదు, ప్యాకేజీలో ఉంది కాబట్టి చేసేవాళ్లు. ఆ ఏడాది దాని ఎదురుగా 4.3 అని, 4 లోపు ఉండాలి అని ఉంది. చుక్క తర్వాత అంకెకి ఎవరైనా భయపడతారా? కాగితం మడిచి పెట్టేశాను.

పట్టుకున్నది మా ఆవిడ. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఫైల్లో పెట్టడం ఆమె అలవాటు, దాని మీద నేను జోకులు కూడా వేసేవాణ్ణి. కొత్తది పెట్టబోతూ పాతవి రెండు బయటికి తీసి మూడూ మంచం మీద వరసగా పరిచింది. "ఏమండీ, అటుపోయినేడు 2.1, పోయినేడు 2.9, ఇప్పుడు 4.3. ఇది పెరుగుతూ పోతోంది కదా. షుగరు ఇలా పెరిగితే ఊరుకునేవారా?" అంది. నిజమే, ఊరుకునేవాణ్ణి కాదు. అయినా ఇంకో రెండు వారాలు ఊరుకున్నాను, అది వేరే సంగతి.

యూరాలజిస్ట్, అంటే మూత్ర సమస్యలు చూసే డాక్టరు, కూడా ముందు ఆ మూడు కాగితాలే చూశాడు. పీఎస్‌ఏ అనేది మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి తయారు చేసే ఒక ప్రోటీన్, కొద్దిగా రక్తంలోకి వస్తూ ఉంటుంది, అది ఎక్కువుంటే క్యాన్సర్ అని కాదు అన్నాడు. వయసుతో గ్రంథి ఉబ్బినా పెరుగుతుంది, ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది, పరీక్షకి ఒకటి రెండు రోజుల ముందు వీర్యస్ఖలనం అయినా, ఎక్కువసేపు సైకిల్ తొక్కినా కాస్త పెరగొచ్చట. సైకిల్ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత గ్లవ్స్ వేసుకుని మలద్వారంలోంచి వేలితో గ్రంథిని తడిమి పరీక్ష చేశాడు, అర నిమిషం ఇబ్బంది, అంతే. చేతికేమీ తగల్లేదన్నాడు. ఆరు వారాలాగి మళ్లీ రక్తం ఇవ్వమన్నాడు, ఇచ్చే ముందు కొన్నాళ్లు సైకిల్ జోలికి పోవద్దన్నాడు.

ఆ ఆరు వారాలూ నేను సైకిల్‌కి శిక్ష పడాలని మొక్కుకున్నాను. రెండో రిపోర్టు 4.6 వచ్చింది. సైకిల్ నిర్దోషి.

తర్వాత ఎంఆర్ఐ. ఎడమ వైపు ఒకచోట అనుమానంగా ఉంది, అనుమానం ఎంతో చెప్పే స్కోరు ఐదింటికి నాలుగు ఇచ్చారు. ఆ తర్వాత బయాప్సీ, అంటే సూదితో గ్రంథిలోంచి చిన్న చిన్న ముక్కలు తీసి పరీక్షించడం. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేశారు కాబట్టి నొప్పి పెద్దగా లేదు కానీ ఆ శబ్దం మాత్రం మర్చిపోలేను, స్టేప్లర్ కొట్టినట్టు టక్ మని, మళ్లీ కాసేపాగి టక్ మని. నేను లెక్క పెట్టుకుంటూ పడుకున్నాను, పద్నాలుగు. రెండు రోజులు మూత్రం ఎర్రగా వచ్చింది, వీర్యంలో రక్తం నెల దాకా కనబడింది. అది మామూలే అని ముందే చెప్పి ఉండకపోతే బెంబేలెత్తిపోయేవాణ్ణి.

పద్నాలుగు ముక్కల్లో నాలుగింట్లో క్యాన్సర్. క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే గ్లీసన్ స్కోరు 3+4, మొత్తం 7. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు: అన్నీ 3లే అయితే, అంటే 6 అయితే, సాధారణంగా కత్తి పెట్టరు, రక్తపరీక్షలు, స్కాన్లు చేస్తూ గమనిస్తూ ఉంటారు. నాకు దూకుడు ఎక్కువుండే 4 రకం కూడా కాస్త కలిసింది. పెట్ స్కాన్‌లో ఎముకల్లో గానీ ఇంకెక్కడా గానీ ఏమీ లేదు. ఆ మాట విన్నాకే నాకు మిగతా మాటలు చెవికెక్కడం మొదలైంది, అంతకు ముందు అతను చెప్పిందంతా మా ఆవిడ రాసుకోబట్టి సరిపోయింది.

ఆపరేషనా, రేడియేషనా అన్నది నన్నే తేల్చుకోమన్నారు. అది నాకు నచ్చలేదు, చెప్పేస్తే చేయించుకుంటాం కదా అనిపించింది. కానీ కారణం ఉంది. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అని ఒక పెద్ద అధ్యయనం జరిగింది, తొలిదశలో దొరికిన వాళ్లని కొందరిని గమనిస్తూ, కొందరికి ఆపరేషన్ చేసి, కొందరికి రేడియేషన్ ఇచ్చి 15 ఏళ్లు చూస్తే, ఏ దారిలో వెళ్లినా ఈ జబ్బుతో చనిపోయినవాళ్లు దాదాపు నూటికి ముగ్గురే. తేడా అంతా తర్వాత వచ్చే ఇబ్బందుల్లోనే. నేను ఆపరేషన్ అన్నాను. లోపల అది ఉందని తెలిసి నిద్రపోయే రకం కాదు నేను.

రోబో సాయంతో చేశారు. ఎనిమిది రోజులు కాథెటర్ అనే మూత్రం గొట్టం, కాలికి కట్టుకున్న సంచీ, ఆ సంచీలో రంగు గమనించడమే రోజంతా పని. అది తీసేసిన రోజు అంతా అయిపోయిందనుకున్నాను. అసలు కథ అక్కడ మొదలైంది. లేచి నిలబడితే చాలు, మూత్రం కారిపోయేది. దగ్గితే కారేది, నవ్వితే కారేది. మొదట్లో రోజుకి ఐదు ప్యాడ్లు. కింది కండరాలు బిగపట్టి వదిలే వ్యాయామం రోజుకి మూడుసార్లు చేయమన్నారు, చేశాను, ఫలితం వారాల్లో కాదు నెలల్లో కనబడింది. మూడో నెలకి ఒక ప్యాడ్, ఏడో నెలకి అదీ మానేశాను. ఇప్పటికీ బరువు ఎత్తితే ఒక చుక్క.

ఇంకోటి మగవాళ్లు చెప్పుకోరు, నేను చెప్తాను. అంగస్తంభన నరాలు ఆ గ్రంథిని అంటుకునే పోతాయి. నాకు ఒక వైపువి మిగల్చగలిగారు. ఏడాదిన్నర అయింది, మాత్రతో కొంత నయం, మునుపటిలా మాత్రం లేదు. ఈ సంగతి ఆపరేషన్‌కి ముందు ఇద్దరం కలిసి వినడం మంచిదైంది, లేకపోతే ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయేవాళ్లం.

తీసిన గ్రంథిని పరీక్షిస్తే క్యాన్సర్ దాని లోపలే ఉంది, అంచులు శుభ్రం. ఆరు వారాలకి పీఎస్‌ఏ 0.1 కంటే తక్కువ, గ్రంథి లేదు కాబట్టి అలాగే ఉండాలి. ఆర్నెల్లకోసారి రక్తం ఇస్తాను, రిపోర్టు వచ్చినట్టు ఫోన్ మోగితే ఇప్పటికీ కాసేపు తెరవను.

ఇదంతా విన్న మా స్నేహితుడొకడు 78 ఏళ్ల వాళ్ల నాన్నకి పీఎస్‌ఏ పరీక్ష చేయిద్దామన్నాడు. డాక్టర్ని అడిగితే వద్దన్నారట. ఆ వయసులో దొరికినవాటిలో చాలావరకు మనిషిని ఏమీ చేయవు, వైద్యమే పీక్కుతింటుంది. ఈ పరీక్ష మీద వాదన కూడా అదే, నాకు పనికొచ్చింది కదా అని అందరి మీదా రుద్దను.

మా తమ్ముడి సంగతి మాత్రం వేరు. అన్నకో తండ్రికో ఉంటే మిగతావాళ్లకి వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు. వాడికి 51. నాలుగు నెలలు తప్పించుకు తిరిగి, మొన్న ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, 0.9 అట."

"ఆ కాగితం ఏం చేశావురా?"

"ఏం చేస్తాను, బాగానే ఉంది కదా. ఎక్కడో పెట్టాను."

పక్కనుంచి మా ఆవిడ ఫోన్ లాక్కుంది.