శక్తిమాన్‌కు రంగు, తలుపులకు రబ్బరు

మా నాన్న మిలిటరీ డిస్పోజల్‌లో కొన్న శక్తిమాన్ లారీ ఇప్పటికీ మా చీనీ (బత్తాయి) తోటకు నీళ్లు తోలుతుంది. జర్మనీ మ్యాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లో చేసిన బండి ఇది. ఆ లారీల తయారీ 1996లోనే ఆగిపోయింది. పైగా మా బండికి ఎవరో బాడీ షాపులో రేకు క్యాబిన్ కట్టించారు. అందుకే రంగుతో పాటు తలుపుల అంచులకుండే రబ్బరు కూడా మార్చాలనుకున్నప్పుడు, కంపెనీ రబ్బరు దొరుకుతుందన్న ఆశ నాకు మొదటి నుంచీ లేదు.

నాన్న వేయించిన నీలం రంగు పెచ్చులు లేచి, కింది మిలిటరీ పచ్చ బయటపడింది. చూడటానికి ఆ పచ్చే బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 121వ నియమం ప్రకారం ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బండ్లకు మాత్రమే ఉండాలి. ఆర్సీలో ఉన్నది నీలమే కాబట్టి మళ్లీ నీలమే అనుకున్నాను. వేరే రంగు వేస్తే ఆర్టీవో ఆఫీసులో మార్పించుకోవాలి, ఆ టెన్షన్ ఎందుకు?

అనంతపురంలో వాన పడేదే తక్కువ, రబ్బరు దేనికని చాలామంది అడిగారు. ఇక్కడ రబ్బరు పని వాన కంటే దుమ్ముతోనే. గాలికాలంలో తోట దారిలో పోతే సీటు మీద వేలితో పేరు రాయొచ్చు. ఇక పడే ఆ కాస్త వాన పాత రబ్బరు కిందికి దిగి అక్కడే నిలుస్తుంది. తుప్పు మొదలయ్యేది అక్కడే.

పెయింటర్ భాయ్ రబ్బరు పీకొద్దన్నాడు. "తీసేదేంటికి అన్నా, టేపు వేసి కొట్టేస్తాం కదా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పీకి చూస్తే డోర్ ఫ్రేము కింది మూల రేకు జల్లెడలా ఉంది. "ఇది టేపు కింద ఉండిపోయేది భాయ్" అన్నాను. తర్వాత ఆయనే దగ్గరుండి వెల్డర్‌తో ముక్క వేయించాడు. రబ్బరు అతికించిన పాత సాల్యూషన్ (జిగురు) గట్టిపడిపోయింది. దాన్ని థిన్నర్‌తో నానబెట్టి గీకడం చెయ్యి నొప్పెట్టే పని. రంగు వేశాక థిన్నర్ తగిలితే రంగే ఊడుతుంది కాబట్టి ఇదంతా ముందే చేయాలి. వైర్ బ్రష్, ఎమ్రీ పేపర్, రెడ్ ఆక్సైడ్, లప్పం సంగతి అందరికీ తెలిసిందే.

అసలు తిరకాసు రబ్బరు సైజులో ఉంది. డ్రైవర్ వైపు తలుపు కిందికి జారి ఉండేది. ఆ స్థితిలో కొలిస్తే పైన ఒక సందు, కింద ఇంకో సందు వస్తుంది. ముందు హింజ్ పిన్నులు మార్పించాను. తర్వాత తడి బంకమట్టిని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి ఫ్రేము పొడుగునా అక్కడక్కడ పెట్టి తలుపు మూశాను. నొక్కుకున్న మట్టి మందమే సందు. బోలు రబ్బరు ఆ సందులో తన మందంలో మూడో వంతు మేర అణిగేలా ఉండాలి. అంతకంటే లావుదైతే తలుపు పడదు, సన్నదైతే దుమ్ము ఆగదు. షాపులో మొదట చౌకగా ఉండే మామూలు స్పాంజి రబ్బరు చూపించారు. మన ఎండకు అది తొందరగా పగుళ్లిస్తుంది. ఎండకు తట్టుకునే సింథటిక్ రబ్బరు ఈపీడీఎం అడిగి తీసుకున్నాను, ధర ఎక్కువే.

రంగు పైకి ఆరినట్టు కనిపించినా లోపల మెత్తగా ఉంటుంది. గోరు దిగనంత గట్టిపడే దాకా సాల్యూషన్ ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత రబ్బరుకూ ఫ్రేముకూ రెండింటికీ పూసి, వేలికి అంటీ అంటనట్టు అయ్యాక అతికించాం. మూలల దగ్గర లాగి అతికిస్తే తర్వాత కుంచించుకుని ఊడొస్తుంది. కాబట్టి లాగకుండా, కాస్త వదులుగా తిప్పాలి. అతుకు కింది వైపు పెట్టాం. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలను మాత్రం మూయలేదు.

ముందు అద్దం రబ్బరు వేరే రకం. దాని గాడిలో నైలాన్ తాడు చుట్టి, సబ్బునీళ్లు రాసి, ఒకరు బయటి నుంచి అద్దం నొక్కుతుంటే ఒకరు లోపలి నుంచి తాడు లాగాలి. తాడు వచ్చే కొద్దీ రబ్బరు అంచు ఫ్రేము లోపలికి మడుచుకుంటుంది. ఇది భాయ్ పనితనం, నేను నొక్కడమే.

చివర్లో రబ్బరు మీద సుద్ద రాసి తలుపు మూసి తెరిచాం. సుద్ద అంటని చోట సందు ఉన్నట్టే. లాక్ పక్కన కొంచెం మేర అంటలేదు, ఫ్రేము మీది లాక్ పట్టీని ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) లోపలికి జరిపితే సరిపోయింది. మొదట్లో తలుపు గట్టిగా కొడితే గానీ పడలేదు. ఎండలో మూసి ఉంచితే రబ్బరు సర్దుకుంటుంది, దానికోసం రబ్బరు కొయ్యక్కర్లేదు.

మా డ్రైవర్‌కు తలుపు బిగుతుగా అనిపిస్తే గ్రీజు పూసే అలవాటుంది. గ్రీజుకూ డీజిల్‌కూ ఈపీడీఎం ఉబ్బిపోతుంది. అందుకే క్యాబిన్‌లో ఒక టాల్కం పౌడర్ డబ్బా పెట్టి, "రబ్బరుకు ఇది తప్ప ఏదీ పూయొద్దు నాయనా" అని చెప్పాను.