నా మెడ నాళానికి వేసిన మాసిక

మా ఇల్లు విజయవాడ సత్యనారాయణపురంలో. ముప్ఫై ఏళ్లుగా ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతున్నాను. పోయిన శ్రావణమాసం ముందు, చేతినిండా పని ఉన్న రోజుల్లో, సూదికి దారం ఎక్కిస్తుంటే ఎడమ కంటికి పైనుంచి నల్లటి తెర దిగినట్టయింది. నాలుగైదు నిమిషాలకి దానంతటదే పోయింది. కళ్ల డాక్టరు చూసి శుక్లం మొదలైందన్నారు, చుక్కల మందు రాసిచ్చారు. ఆ మాట పట్టుకుని మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాను.

ఐదో రోజు కుడిచేతిలోంచి కత్తెర జారిపడింది. తీసుకుందామంటే వేళ్లు ముడుచుకోలేదు. అమ్మాయిని పిలవబోతే మాట ముద్దగా వచ్చింది. పావుగంటలో అంతా మామూలైంది. "తగ్గిపోయిందిగా, రేపు చూద్దాంలే" అన్నాను. మా అమ్మాయి ఒప్పుకోలేదు. ఆ రాత్రే ఆటో ఎక్కించి సూర్యారావుపేటలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఈ రోజు నేను కుట్టగలుగుతున్నానంటే అది దాని మొండితనం వల్లే.

మెడకి డాప్లర్ అని రక్తం పారే తీరు చూసే స్కాన్, తర్వాత నాళాల్ని చూపించే సీటీ యాంజియో తీశారు. మెదడుకి రక్తం తీసుకెళ్లే మెడ నాళం దవడ కింద రెండుగా చీలేచోట, ఎడమవైపు, 80 శాతం మూసుకుపోయి ఉంది. అక్కడ పేరుకున్న కొవ్వు గారలోంచి ముక్కలు రేగి ఒకసారి కంటికి, ఇంకోసారి మెదడుకి వెళ్లాయట. ఎడమ మెదడే కుడిచేతిని, మాటని నడిపిస్తుంది కాబట్టి కన్ను ఎడమది, చెయ్యి కుడిది అయ్యాయి. బీపీకి పదిహేనేళ్లుగా మాత్రలు వేసుకుంటున్నాను, కానీ పెళ్లిళ్ల సీజన్లో మర్చిపోయిన రోజులు చాలానే ఉన్నాయి.

సర్జన్‌గారు లెక్క దాచలేదు. ఉత్తర అమెరికాలో 1991లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, నాలాగా లక్షణాలు కనిపించి 70 శాతం పైన మూసుకుపోయినవాళ్లలో మందులతోనే ఉన్నవారికి రెండేళ్లలో నూటికి 26 మందికి నాళం మూసుకుపోయిన వైపు మెదడు దెబ్బతిని పక్షవాతం వచ్చిందట. ఆపరేషన్ చేయించుకున్నవారిలో 9 మందికి. "ఇప్పుడు మందులు మెరుగయ్యాయమ్మా, అయినా మీకు ఆపరేషనే మంచిది. రెండు వారాల్లోపు చేస్తేనే ఎక్కువ లాభం. ఆపరేషన్లో కూడా పక్షవాతం వచ్చే ప్రమాదం కొంత ఉంటుంది, అది మీకు తెలియాలి" అన్నారు.

నాకు వేరే టెన్షన్ పట్టుకుంది. "కోసి శుభ్రం చేస్తారు సరే, ఎలా కుడతారండీ?" అని అడిగాను. ఆయన కాగితం మీద గీసి చూపించారు. నాళాన్ని నిలువుగా కోసి గార తీశాక, అంచుకి అంచు కలిపి కుట్టేయొచ్చు. త్వరగా అయిపోతుంది. కానీ కుట్టులోకి పోయినంత మేర నాళం ఇరుకవుతుంది. నాకు వెంటనే అర్థమైంది. సరిపోయే జాకెట్టుకి లోపల ఇంకో కుట్టు వేస్తే చంక బిగుస్తుంది కదా! ఆడవాళ్ల నాళాలు అసలే సన్నం, మళ్లీ మూసుకుపోయే అవకాశం ఎక్కువట. అందుకే మధ్యలో చిన్న పీసు వేసి కుడతారు. మేం చంక కింద వేసినట్టే. ఇంకో పద్ధతిలో నాళాన్ని ఏటవాలుగా తెగ్గోసి, జాకెట్టు చెయ్యి తిరగేసినట్టు తిరగేసి గార లాగేసి, మళ్లీ అతికిస్తారు. దానికి పీసు అక్కర్లేదు. నా నాళంలో గార చాలా పైదాకా ఉంది కాబట్టి పీసే మేలన్నారు.

ఆ పీసు మన తొడలోని సిర కావచ్చు, పశువు గుండె పైపొర కావచ్చు, డాక్రాన్ కావచ్చు. రెండోది నాకు మనసొప్పలేదు. ఆయన నొచ్చుకోకుండా డాక్రాన్ అన్నారు. అంటే పాలియెస్టరే! నేను ఆశ్చర్యపోతే మైఖేల్ డిబేకీ అనే అమెరికా సర్జన్ గురించి చెప్పారు. ఆయనకి కుట్టుపని నేర్పింది వాళ్లమ్మ. బట్టల కొట్లో డాక్రాన్ గుడ్డ కొని, భార్య మిషన్ మీద తానే కుట్టి రక్తనాళం తయారుచేశాడట. 1953లో ఇదే మెడ ఆపరేషన్ చేసి విజయం సాధించింది కూడా ఆయనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

ఆపరేషన్ గురించి నాకేమీ తెలియదు, మత్తులో ఉన్నాను. వెంట్రుకంత సన్నని ప్రోలీన్ దారంతో కుట్టామని, చివరి ముడికి ముందు లోపలి గాలి, నలకలు రక్తంతోనే బయటికి పోనిచ్చామని తర్వాత చెప్పారు. కళ్లు తెరవగానే "చెయ్యి పిడికిలి బిగించండమ్మా" అన్నారు. బిగించాను. పక్కన మా అమ్మాయి ఏడ్చేసింది. ఆ రాత్రంతా బీపీ చూస్తూనే ఉన్నారు, మెడ వాస్తోందేమోనని లైటు వేసి చూశారు. తలనొప్పి గట్టిగా వస్తే వెంటనే చెప్పమన్నారు, రాలేదు.

నాలుగో రోజు ఇంటికొచ్చాను. పెదవి ఎడమ మూల కొంచెం కిందికి జారింది. కాఫీ కారుతుంటే బాధేసింది. దవడ అంచున పోయే నరం లాగబడి ఉంటుందని, మెల్లగా వస్తుందని చెప్పారు. ఏడు వారాలకి సర్దుకుంది. యాస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర ఇప్పుడు ఒక్క పూట కూడా తప్పడం లేదు.

ఆరు నెలల డాప్లర్‌లో నాళం విశాలంగా ఉంది. పీసు ఎక్కడో చూపించమని అడిగాను. చూపించారు. కుట్టు వంకర లేకుండా ఉంది.

ఎడమ చెవి తమ్మెకి మాత్రం ఇంకా స్పర్శ రాలేదు. దుద్దు పెట్టుకునేటప్పుడు శీల తిరిగిందో లేదో తెలియక, అద్దం ముందు నిలబడి చూసుకుంటూ బిగించుకుంటున్నాను.