ఉల్టా మర

"అటు కాదు తమ్మీ, ఇటు తిప్పు!"

అప్పటికి అరగంటగా నాయిన పాత సైకిల్‌తో కుస్తీ పడుతున్నా. పెడల్ ఇరుసుకు చైను వైపున్న, గుండ్లు కూర్చునే ఇనుప కప్పు కదిలితే ఒట్టు. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర కొన్న కొత్త స్క్రూ పానా రెండుసార్లు జారి వేలి కణుపు మీద తోలు లేచింది. కప్పు అంచేమో పలచన, పానా మూతేమో మందం. పట్టు ఎక్కడ దొరుకుతుంది?

పక్కింటి పెద్దాయనది ఒకప్పుడు సైకిల్ షాపు. "ఈ వైపు ఉల్టా మర. గడియారం ముల్లు తిరిగినట్టు తిప్పితేనే ఊడుతది" అని ఇంట్లోంచి పొడుగాటి పలచటి పానా తెచ్చాడు. ఒక్క పట్టు. అంతే, కిర్రుమంది.

ఎడమవైపు కప్పును బిగించే రింగును నేను ఉలితో కొట్టి గాట్లు పాడు చేశా. దానికి కొక్కెం పానా ఉంటుందట. పెడల్ కాడను, అదే క్రాంకును, ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను కొట్టేటప్పుడు క్రాంకు కింద ఇనుప పైపు ముక్క ఆనించాలట, లేకపోతే దెబ్బ గుండ్ల మీద పడుతుంది. నట్టు పూర్తిగా తీయొద్దు, పిన్ను మర చెడుతుంది. నేను తీసేశాను, చెడింది కూడా.

పావు అంగుళం గుండ్లు వైపుకు 11 ఉండాలి. ఎడమవైపు 9 దొరికాయి. తక్కువ గుండ్లతోనే నాయిన ఇన్నేళ్లు తొక్కాడా?

ఇప్పుడవి డీజిల్‌లో నానుతున్నాయి. అమ్మ పోపు గిన్నె కోసం వెతుకుతోంది. ఇంకా చెప్పలేదు.