వదిన ఫోను, అక్క సంగతి

వదిన ఫోన్ ఎప్పుడో పెట్టేసింది. నాకే ఇంకా చిరాకు తగ్గలేదు. ఆయన గురక మొదలైంది, చిన్నది కూడా ఇవాళ పేచీ పెట్టకుండా పడుకుంది. హాయిగా నిద్రపోవాల్సినదాన్ని, ఇలా కూర్చున్నాను.

వేరే దేనికో తీయించిన స్కానింగులో వదినకి గర్భసంచిలో చిన్న ఫైబ్రాయిడ్, అదే కణితి, కనపడిందట. నొప్పి లేదు, బ్లీడింగ్ మామూలే అంటోంది. పక్కింటావిడేమో "పిల్లలు పుట్టేశారుగా, ఇంక గర్భసంచితో పనేముంది? తీయించెయ్, రేపది క్యాన్సరవుతుంది" అందట. పనేముందట! అటక మీది పాత సామానా అది? ఫైబ్రాయిడ్ క్యాన్సర్ కావడం చాలా అరుదు, ఇబ్బంది లేకపోతే అప్పుడప్పుడూ చూపించుకుంటే చాలు, నెలసరి ఆగిపోయాక చాలామందికి అదే చిన్నదైపోతుంది అని చెప్పాను. పనిలో పనిగా అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ ఒక్కసారిగా మీద పడుతుందనీ, ఒంట్లో ఆవిర్లు, ఎముకల బలహీనత అన్నీ ముందే మొదలవుతాయనీ కూడా చెప్పాను. "నువ్వేమైనా డాక్టరువా?" అంది. మరి మీ పక్కింటావిడో? నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆ మింగినదే ఇప్పుడు నిద్ర పట్టనివ్వడం లేదు.

ఇంకా చాలా తిడదామనే మొదలుపెట్టాను గానీ, అక్క గుర్తొచ్చింది.

అక్కకి చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పింది దీనికి పూర్తిగా ఉల్టా. తీయించుకోకు, ఒళ్ళొచ్చేస్తుంది, నడుం పడిపోతుంది అని. అది విని ఆ విపరీతమైన బ్లీడింగ్‌ని ఏళ్ళ తరబడి భరించింది. ఎప్పుడూ ముదురు రంగు చీరలే. ఎవరింటికెళ్ళినా గుమ్మం దగ్గరే నిలబడేది. కూర్చోవే అంటే "కూర్చునీ కూర్చునీ విసుగొచ్చింది" అనేది. ఒకసారి రైల్లో రాత్రి మెలకువొచ్చి చూస్తే బెర్తు మీద లేదు. బాత్రూం తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. గాలికొచ్చానంది. నేను నమ్మి వచ్చి పడుకున్నాను కూడా. తర్వాత పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఆరు! పన్నెండు ఉండాలి. అడినోమయోసిస్ అన్నారు. గర్భసంచి లోపలి పొర దాని కండలోకే పెరిగి, సంచంతా ఉబ్బిపోతుందట. మాత్రలు వాడారు, హార్మోన్ లూప్ వేశారు. చాలామందికి అవే సరిపోతాయి, అక్కకి సరిపోలేదు. చివరికి తీసేశారు, అండాశయాలు బాగున్నాయని ఉంచారు. కోలుకున్నాక ఫోన్ చేసి "ఇన్నేళ్ళూ ఎందుకు మోయనిచ్చారే నన్ను" అని అందర్నీ కలిపి తిట్టింది. ఆ గొంతు విని ఎంత సంతోషమేసిందో.

కాబట్టి పక్కింటావిడ మీద కోపం కొంచెం తగ్గింది. కొంచెమే. క్యాన్సరైతేనో, కాన్పులో రక్తం ఎలాగా ఆగకపోతేనో తీసెయ్యక తప్పదు, అక్కడ వాదనేముంది? మిగతావాటికే, గర్భసంచి కిందికి జారినా సరే, ముందు వేరే దారి ఏదైనా ఉందా అని అడగాలి. అడిగి, పనిచెయ్యకపోతే మాత్రం అక్కలా నానబెట్టకూడదు.

అన్నట్టు, వదిన "బ్లీడింగ్ మామూలే" అంది కదా. అక్క కూడా అచ్చం అలాగే అనేది! పొద్దున్నే ఫోన్ చేసి ప్యాడ్ ఎన్ని గంటలకి మారుస్తోందో, గడ్డలు పడుతున్నాయేమో అడగాలి. నీకెందుకే అని కసురుతుంది. కసరనీ.