ఎంజీబీ వాషర్ పని: చేతి పంపు నుంచి మోటారు పంపుకు

గేరుబాక్సు పని అయింది, మడత టాపు కొత్తది పడింది. ఇక ఎవరూ పట్టించుకోని, ముందు అద్దం కడిగే వాషర్ వంతు వచ్చింది. కారు 1965 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే బ్రిటిష్ ఎంజీ కంపెనీవారి పైకప్పు తెరిచే స్పోర్ట్స్ కారు. తొలి ఏళ్ల ఎంజీబీలలో అద్దం కడిగే పంపుకు కరెంటుతో పని లేదు. డ్యాష్‌బోర్డు మీది గుండ్రని నాబ్‌ను వేలితో నొక్కితే, దాని వెనకున్న చిన్న పంపు బానెట్ కింది సీసాలోంచి నీటిని లాగి, అద్దం ముందున్న రెండు జెట్ల గుండా చిమ్ముతుంది. చిమ్మాలి మరి. నా కారులో నాబ్ నొక్కితే టక్కుమని చప్పుడొచ్చేది, ఎడమ జెట్ అంచున ఒక చుక్క ఊరేది, అంతే.

ఇలాంటప్పుడు అందరి అనుమానమూ ముందు పంపు మీదికే పోతుంది. నేను సీసా వైపు నుంచి మొదలుపెట్టాను. పంపు పైనుంది, నీరు కిందుంది. సీసా నుంచి పంపు దాకా ఉన్న ట్యూబులో నీటిని నెట్టే ఒత్తిడి ఉండదు, లాగే శక్తి మాత్రమే ఉంటుంది. ఆ దారిలో ఎక్కడైనా సందు పడితే నీరు బయటికి కారదు, గాలి లోపలికి చొరబడుతుంది. కింద తడి కనబడదు కనుక లీకు ఉందన్న సంగతే తెలియదు. నొక్కిన బలమంతా ఆ గాలి నలగడానికే సరిపోతుంది, జెట్ దాకా ఏమీ మిగలదు.

పరీక్షకు సూది తీసేసిన పెద్ద సిరంజిని మించిన పనిముట్టు లేదు. ప్రతి ముక్కనూ విడదీసి, ఒక కొసను వేలితో మూసి, రెండో కొస నుంచి సిరంజితో లాగాలి. పిస్టన్‌ను వదలగానే అది వెనక్కి పోతే ఆ ముక్క బాగున్నట్టే. ఉన్నచోటే నిలబడిపోతే గాలి వస్తున్నట్టు. నా ట్యూబులో మధ్య భాగం ఇంకా మెత్తగానే ఉంది. కొసలు మాత్రం పసుపు రంగుకు తిరిగి, గోరు కూడా దిగనంత గట్టిపడ్డాయి. అంగుళం కోసేసి మళ్లీ తొడిగితే సరిపోయేదేమో, కానీ ట్యూబు చవకది. మొత్తం మార్చేశాను. కొత్త ట్యూబు కొసను వేడి నీళ్లలో కాసేపు ముంచి తొడిగితే ఇట్టే ఎక్కుతుంది, చల్లారాక బిగుసుకుంటుంది. ఎక్కడం లేదని నూనె, గ్రీజు పూయకండి. అవి చివరికి జెట్ల గుండా అద్దం మీదికే చేరతాయి.

సీసా అడుగున, ట్యూబు చివర ఉండే చిన్న ఫుట్ వాల్వు అసలు దొంగ. అందులో ఒక జాలీ, దాని వెనక ఒకవైపే తెరుచుకునే రబ్బరు రేకు ఉంటాయి. ఆ రేకు వంకరపోయి ఒక పక్క వెంట్రుకవాసి తెరుచుకునే ఉంది. నాబ్ వదిలిన ప్రతిసారీ ట్యూబులోకి ఎక్కిన నీరు తిరిగి సీసాలోకి జారిపోతోంది. తర్వాతి నొక్కు మళ్లీ మొదటి నుంచి మొదలు. పంపు విప్పితే డయాఫ్రమ్, అంటే నొక్కినప్పుడు వంగి నీటిని నెట్టే పొర, కూడా గట్టిపడి ఉంది. దీపం ముందు పెట్టి వంచినప్పుడు అంచు దగ్గర సన్నటి పగులు కనిపించింది. రెండూ మార్చాను. జెట్లను రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగుతో రంధ్రాలు శుభ్రం చేశాను. ఉక్కు సూదితో గీకితే రంధ్రం అంచు చెడి ధార పక్కకు పోతుంది.

చేతి పంపు ఇప్పుడు కొత్తదానిలా పనిచేస్తోంది. అయినా తీసి పెట్టెలో దాచాను. ముందున్న లారీ బురద చిమ్మినప్పుడు అదే చేత్తో వైపర్ స్విచ్ వేయాలి, గేరు మార్చాలి, ఇంకా నాబ్‌ను పదేపదే నొక్కుతూ ఉండాలి. ఒక్కో నొక్కుకు వచ్చేది చెంచాడు నీళ్లే. పాతదనం మీద నాకు ఎంత మమకారమున్నా, ఎదుటి దారి కనబడటం దగ్గర దానికి మినహాయింపు ఇవ్వలేను.

మోటారు పంపు తీరు వేరు. సీసాకు బిగించే ఈ చిన్న పంపులు నీటిని గిరగిరా తిప్పి నెడతాయే తప్ప, కిందినుంచి పైకి లాగలేవు. అందుకే పంపు నీటి మట్టానికి దిగువన, సీసా అడుగునే ఉండాలి. అసలు సీసాకు రంధ్రం చేయడానికి మనసొప్పక, అదే బ్రాకెట్‌లో కూర్చునే మరో సీసాకు చేశాను. రంధ్రం అంచు నునుపుగా ఉంటే రంధ్రంలో బిగుతుగా కూర్చునే రబ్బరు రింగు (గ్రోమెట్) ఒక్కటే చాలు, ఏ జిగురూ అక్కర్లేదు. ఇక్కడి నుంచి ముందుకంతా ఒత్తిడే కనుక లీకైతే తడి కనబడుతుంది, వెతుకులాట తప్పుతుంది. జెట్లకు దగ్గరగా, నీటిని వెనక్కి పోనివ్వని ఒక నాన్‌రిటర్న్ వాల్వు పెట్టాను. దాని మీది బాణం గుర్తు జెట్ల వైపు ఉండాలి. ట్యూబు ఎప్పుడూ నిండి ఉంటుంది కాబట్టి నొక్కగానే ధార వస్తుంది.

వైరింగ్ దగ్గర మాత్రం తొందర పనికిరాదు. 1967 చివరి దాకా వచ్చిన ఎంజీబీలు పాజిటివ్ ఎర్త్. సీట్ల వెనక వరసగా కలిపిన రెండు 6 వోల్టుల బ్యాటరీల పాజిటివ్ కొస బాడీకి కలిసి ఉంటుంది. మధ్యలో ఏ యజమానో మార్చి ఉండవచ్చు, అందుకే ముందు మల్టీమీటర్‌తో చూసుకోవాలి. నా కారు ఇంకా పాజిటివ్ ఎర్తే. కాబట్టి పంపు ప్లస్ వైరు బాడీకి, మైనస్ వైరు స్విచ్‌కు వెళ్లాయి. తారుమారైతే మోటారు తిరుగుతుంది, చప్పుడూ వస్తుంది, నీరు మాత్రం నీరసంగా కారుతుంది. పంపు పాడైందని తీసి పారేసేవాళ్లలో కొందరిది ఈ కథే అయి ఉంటుంది.

కరెంటు ఆకుపచ్చ వైరు నుంచి తీసుకున్నాను. ఈ కార్లకు కరెంటు సామాను చేసిన లూకాస్ కంపెనీ రంగుల పద్ధతిలో అది ఇగ్నిషన్ వేస్తేనే పనిచేసే, ఫ్యూజు ఉన్న లైను. కానీ అక్కడి 35 ఆంపియర్ల ఫ్యూజు ఇంత చిన్న మోటారును కాపాడదు. మోటారు ఇరుక్కుపోతే ఫ్యూజు కన్నా ముందు మోటారే కాలుతుంది. బకెట్ నీళ్లలో పెట్టి కొలిస్తే పంపు సుమారు 3 ఆంపియర్లు తీసుకుంది. అందుకని ఆ ఒక్క లైనుకు విడిగా 7.5 ఆంపియర్ల ఫ్యూజు వేశాను. స్విచ్ నుంచి పంపుకు వెళ్లే వైరుకు లేత ఆకుపచ్చ మీద నల్ల చార రంగే వాడాను. మోటారు వాషర్లున్న కార్లలో దానికి వాడిన రంగు అదే. బాడీ ఎర్త్ దగ్గర పెయింటు గీకి, పళ్లున్న లోహపు రింగు వేసి బిగించాక పైన పెట్రోలియం జెల్లీ రాశాను. పంపును పొడిగా, నీళ్లు లేకుండా నడిపి చూడకండి.

డ్యాష్‌బోర్డు మీద పాత నాబే ఉంది. దాని కాడ వెనక చిన్న అల్యూమినియం బ్రాకెట్ కట్టి, వేలు తీయగానే ఆగిపోయే పుష్ బటన్ స్విచ్ బిగించాను. బయటి నుంచి చూసేవారికి తేడా తెలియదు.

జెట్ల గురి అద్దం మధ్యకు కొంచెం పైన పెట్టాను. వేగం పెరిగేకొద్దీ గాలి ధారను కిందికి తొక్కుతుంది. సీసాలో అద్దాల కోసం చేసిన ద్రవమే పోశాను. గిన్నెలు తోమే సబ్బు నురగ కడుతుంది, పెయింటుకూ మంచిది కాదు. ఇంజిన్ కూలెంట్ అద్దం మీద జిడ్డు పొరలా పరుచుకుంటుంది. ధార ఇప్పుడు రెండు వైపులా సమానంగా పడుతోంది. కుడి వైపర్ బ్లేడు మాత్రం పై మూలలో ఒక చారను తుడవకుండా వదిలేస్తోంది. ఆ బ్లేడును పట్టి ఉంచే వైపర్ చెయ్యి స్ప్రింగు బలం తగ్గిందేమో చూడాలి.