ఆరబోత

మార్గశిరం, గురువారం. రాత్రి తొమ్మిదిన్నర.

కంకిపాడు దాటిన దగ్గర్నుంచి పామర్రు దాకా మచిలీపట్నం హైవేకి ఒక పక్కంతా ఇవాళ వడ్లే. పట్టాలు, అవి ఎగరకుండా అంచుల మీద రాళ్లు, కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగేస్తున్న మనుషులు. చీకటి పడ్డాక ఆ రాళ్లకే బండి తగిలి పడేవాళ్లు ఏటా ఉంటారు. మంచు, ఎదురొచ్చే లారీ లైట్లు, రోడ్డు మీద రాయి. ఈ రోజుల్లో కౌన్సెలింగ్ గదిలో మళ్లీ మళ్లీ వినపడేవి ఈ మూడే.

తడి వడ్లను అలాగే బస్తాలకెత్తితే లోపల వేడెక్కుతాయి, రంగు మారతాయి, మొలకొస్తాయి. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పక్కన పెట్టేస్తారు. అందుకే పల్చగా పరిచి, గంటకోసారి తిరగేసి, పొద్దుగూకే ముందు కుప్ప చేసి కప్పి, మర్నాడు మళ్లీ పరుస్తారు. ప్రమాదం తాలూకు జ్ఞాపకానికి చేసే వైద్యం ఏమిటని ఇంట్లోవాళ్లు అడిగితే ఈ వడ్లనే చూపించడం తేలిక. "మర్చిపో" అనడమంటే తడిమీద బస్తా కుట్టేయడం.

దీనికి వాళ్ల దగ్గర ఒక ఎదురు ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. "అదేంటండీ, వచ్చిన ప్రతివాళ్లకీ చెప్తూనే ఉంది. ఇరవైసార్లు చెప్పుంటుంది. మరి తగ్గలేదేం?" మంచి ప్రశ్నే. పరామర్శకొచ్చిన వాళ్లకి చెప్పేది కథ. "లారీ వచ్చింది, పడ్డాం, ఆస్పత్రికి తీసుకెళ్లారు." అంతే. 'పడ్డాం'కీ 'ఆస్పత్రి'కీ మధ్య నాలుగైదు నిమిషాలున్నాయి. తడంతా ఆ నాలుగైదు నిమిషాల్లోనే ఉంది. చెప్పే మనిషి దాన్ని నేర్పుగా దాటేస్తుంది, వినేవాళ్లూ ఆగనివ్వరు. "మా తోడల్లుడికీ ఇంతేనమ్మా, పోయినేడు..." అని వాళ్ల కథ ఎత్తుకుంటారు. కాఫీలొస్తాయి. ఇరవైసార్లు చెప్పినా బస్తా మూతి ఒక్కసారీ విప్పినట్టు కాదు.

చికిత్సలో చెప్పించే పద్ధతి వేరు. కళ్లు మూసుకుని, 'జరిగింది' అని కాకుండా 'జరుగుతోంది' అన్నట్టు, ఇప్పుడు కళ్లెదుట నడుస్తున్నట్టే చెప్పాలి. పెట్రోలు వాసన, చెప్పు ఊడిపోవడం, మోచేతి కింద కంకర, ఎవరో "నీళ్లు పొయ్యండి" అని అరవడం, అన్నీ. ఒక్కో విడత 60 నుంచి 90 నిమిషాలు. అందులో 30 నుంచి 45 నిమిషాలు ఈ చెప్పడమే, ఆఖరికి వచ్చాక మళ్లీ మొదట్నుంచి. మిగతా సమయం, చెప్పినదాంట్లో ఏం తేలిందో మాట్లాడుకోవడానికి. ఫోన్లో రికార్డు చేసుకుని ఇంటి దగ్గర రోజూ ఒకసారి వినాలి. మొత్తం 8 నుంచి 15 విడతలు. కొన్నాళ్లకి కథలో ఎక్కడ గొంతు పట్టేస్తుందో ఇద్దరికీ తెలిసిపోతుంది. అప్పట్నుంచి ఆ ముక్కనే నెమ్మదిగా, పదేపదే.

చాలాసార్లు అక్కడ భయం కింద ఇంకొకటి దొరుకుతుంది. "నేనే తొందరపెట్టాను", "హెల్మెట్ పెట్టుకోమని గట్టిగా అనలేదు". దానికి "నీ తప్పేం లేదు" అని జవాబిస్తే పని కాదు, ఆ మాట అందరూ అనేశారు. ఆ క్షణాన నీకు ఏం తెలుసు, ఏం కనపడుతోంది, ఎన్ని సెకన్లున్నాయి అని ఒక్కొక్కటే అడగాలి. లెక్క తనే తేల్చుకోవాలి.

ఇది చెడేది ఎక్కువగా రెండో విడతకీ నాలుగో విడతకీ మధ్య. మొదట్లో కొందరికి కలలు పెరుగుతాయి, దడ పెరుగుతుంది. ముందే చెప్పి ఉంచకపోతే "కౌన్సెలింగ్‌కి వెళ్లాక ఇంకా ముదిరింది" అని మానిపిస్తారు. ఇంట్లో ఒంటరిగా ఈ ప్రయోగం చేయకూడదు. చచ్చిపోవాలన్న ఆలోచన గట్టిగా ఉన్నవాళ్లకి, తాగుడు అదుపులో లేనివాళ్లకి, ఇప్పటికీ ఇంట్లో దెబ్బలు తింటున్నవాళ్లకి ముందు ఆ సంగతి చూసి, తర్వాతే ఇది. పైన వాన కురుస్తుంటే వడ్లు పరుస్తామా?

ప్రమాదమైన రోజునే కూర్చోబెట్టి అంతా చెప్పించడం కూడా తప్పే. ఒకప్పుడు అలా చేసేవారు, అందరినీ ఒకచోట చేర్చి మనసులోది కక్కించేవారు. దానివల్ల మేలు లేదని, కొందరికి కీడు కూడా జరిగిందని తేలాక మానేశారు. మొదటి రోజుల్లో కావలసినవి చిన్నవి. మంచినీళ్లు, ఇంటికి ఫోను, ఎవరికెలా ఉందో అబద్ధం లేని సమాచారం, పక్కన అడక్కుండా కూర్చునే ఒక మనిషి. ఇంకొకటి, తల సంగతి. మొదటి రెండు రోజుల్లో వాంతులు, పెరిగే తలనొప్పి, మగత ఉంటే పరుగెత్తాల్సింది ఆస్పత్రికే. తర్వాతి వారాల్లో చిరాకు, మతిమరుపు, వెలుతురు పడకపోవడం చూసి "భయం పట్టుకుంది" అనేస్తారు. తలదెబ్బ తాలూకువి కూడా అచ్చం ఇలాగే ఉంటాయి. న్యూరో డాక్టరు చూడకుండా మనసు మీదకి నెట్టకూడదు.

మొదటి నెలలో పీడకలలు, ఉలికిపాటు, తిండి సయించకపోవడం చాలామందికి ఉంటాయి, వాళ్లలో ఎక్కువమందికి వాటంతటవే సర్దుకుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మనుషుల్లో దాదాపు 70 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి దెబ్బ చూస్తారు, అందులో పీటీఎస్‌డీ, అంటే నెల దాటినా ఆ దెబ్బ మనసుని వదలని జబ్బు, దాకా వెళ్లేది 5.6 శాతం. నెల దాటాక కూడా జ్ఞాపకం దానంతటదే మీద పడుతుంటే, ఆ దారిని, ఆ మాటను తప్పించుకుంటుంటే, మనుషుల మీద మనసు లేకపోతే, ఒళ్లు ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టుంటే, అప్పుడు చూపించుకోవాలి. మన దగ్గర తిరకాసేమిటంటే సరిగ్గా ఆ వేళకే కట్టు విప్పుతారు, చుట్టాలు రావడం మానేస్తారు, "గండం గడిచింది కదమ్మా, ఇంకా ఎందుకు తలుచుకుంటావ్" మొదలవుతుంది.

ఇవాళ మధ్యాహ్నంలో సగం ఊపిరి తీసుకోవడం నేర్పడానికే పోయింది. అందరూ ఇచ్చే సలహా ఒకటే, "గట్టిగా ఊపిరి పీల్చుకో". అదే కొంప ముంచేది. భయంలో ఉన్న మనిషి అప్పటికే ఎక్కువ గాలి లాగుతున్నాడు. ఇంకా లాగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, గుండెపోటేమో అని కొత్త భయం. చూడాల్సింది వదిలే ఊపిరిని. ముక్కుతో నాలుగు అంకెలు లోపలికి, వేడి టీ ఊదుకున్నట్టు పెదాల మధ్య నుంచి ఆరు అంకెలు బయటికి. ఐదు నిమిషాలు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, నిమ్మళంగా ఉన్నప్పుడు. నిమ్మళంలో అలవాటు కానిది దడలో చేతికి రాదు.

జ్ఞాపకం మరీ మీద పడి ఎక్కడున్నాడో తెలియని స్థితి వస్తే కళ్లు తెరిపించాలి. అరికాళ్లు నేలకి నొక్కమనాలి. "ఇవాళ గురువారం, ఇది మన వంటగది, ఇది కుక్కర్ విజిల్" అని పైకి అనిపించాలి, ఎదురుగా కనపడే ఐదు వస్తువుల పేర్లు చెప్పించాలి. వెనక నుంచి వచ్చి భుజం పట్టుకుని కుదపడం మాత్రం వద్దు.

ఇక మెట్లు, అంటే భయపడి తప్పించుకుంటున్నవాటికి తేలికైనదానితో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా దగ్గరవడం. ఇవాళ ఒకావిడ చేత కాగితం మీద రాయించిన వరస ఇది, పక్కన భయానికి నూటికి ఎన్ని మార్కులో. స్టాండు వేసి ఉన్న బండి మీద పావుగంట కూర్చోవడం 25. ఇంజను ఆన్ చేసి కూర్చోవడం 35. బస్టాపులో నిలబడి అరగంట లారీలు చూడటం 45. కాలనీలో 20 స్పీడులో వెనక కూర్చుని నాలుగు రౌండ్లు 50. మధ్యాహ్నం ఖాళీ బస్సులో కిటికీ సీటు 60. సాయంత్రం రద్దీలో 70. రాత్రి ఎదురు లైట్లలో 80. పడ్డ చోట దిగి నిలబడటం 95. కింది మెట్టు మీద నాలుగైదు రోజులు, భయం సగానికి దిగేదాకా అక్కడే. బస్సులో అయితే అంత సేపు పట్టే దూరమే ఎంచుకోవాలి. మధ్యలో, సరిగ్గా దడ శిఖరాన ఉండగా దిగిపోతే ఒళ్లు నేర్చుకునేది ఒకటే, 'దిగబట్టి బతికాను' అని. మర్నాడు ఆ మెట్టు ఇంకాస్త ఎత్తవుతుంది. హెల్మెట్, బెల్టు మామూలే. నిజమైన ప్రమాదంలోకి దిగడం మెట్టెక్కడం కాదు. నిద్ర, దృష్టి కుదుటపడేదాకా తను నడపనే కూడదు.

మెట్లు ఎక్కుతున్నా ఫలితం లేదంటే దొంగ ఊతకర్రల కోసం వెతకాలి. కళ్లు మూసుకోవడం, ముందు సీటు కమ్మీని వేళ్లు తెల్లబడేలా పట్టుకోవడం, కారులో లేని బ్రేకు తొక్కడం, దారంతా ఫోన్లో మొహం దూర్చడం. హనుమాన్ చాలీసా సంగతి నాజూకైనది. చదువుకోవడంలో తప్పేముంది, మనసుకి బలమే. కానీ "ఇవాళ చదవలేదు కాబట్టి బస్సెక్కను" దాకా వస్తే అది కూడా ఊతకర్రే. ఇంటి దగ్గర పూజలో చదువుకుని, బస్సులో కిటికీ బయటికి చూడమంటే ఎవరూ నొచ్చుకోలేదు ఇంతవరకు.

మందులు. మెడికల్ షాపులో ఇచ్చే అల్ప్రజోలం రకం బిళ్లలతో ఆ రాత్రి నిద్రపడుతుంది, జబ్బు అక్కడే ఉంటుంది, అలవాటు పట్టుకుంటుంది. వారాల తరబడి వేసుకున్నవాళ్లు ఒక్కసారిగా మానినా కష్టమే, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. సెర్ట్రలిన్ లాంటివి నిజంగా పనిచేస్తాయి, కాకపోతే గుణం కనపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రెండో వారంలోనే "ఏం లాభం లేదు" అని ఆపేస్తారు.

పీడకలకి వేరే చిట్కా ఉంది, దానికి రావాల్సినంత పేరు రాలేదు. పగటిపూట ఆ కలను కాగితం మీద రాసి, ముగింపు మార్చాలి. లారీ పక్కకి తిరిగి పోవచ్చు, రోడ్డు మీద వడ్లన్నీ దూదైపోవచ్చు, ఏదైనా సరే. ఆ కొత్త కలను రోజూ పది ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని చూసుకోవాలి. మరీ ఘోరమైన కలతో మొదలుపెట్టకూడదు. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ వద్దు. సాయంత్రం ఐదింటికి తాగిన కాఫీలో సగం కెఫీన్ రాత్రి పదింటికి ఇంకా ఒంట్లో తిరుగుతుంటుంది. నిద్ర కోసం వేసే పెగ్గు తొలి జాములో పడుకోబెట్టి, తెల్లవారుజామున కలల్ని మీదకి తోలుతుంది.

డైరీ రాస్తే తగ్గుతుందా అని ఒకరు అడిగారు. 1986లో అమెరికాలో పెన్నబేకర్, బీల్ అనే ఇద్దరు పరిశోధకులు, కొందరు విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకి పావుగంట చొప్పున తమ బాధ రాయించి చూశారు. ఆ తర్వాతి నెలల్లో వాళ్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. మేలే, కాకపోతే చిన్న మేలు. పీటీఎస్‌డీకి అది చాలదు.

వాయిదా రోజుల గురించి రాయాలి. పరిహారం కేసు ఉన్నవాళ్లకి కోర్టు వాయిదాకి మూడు నాలుగు రోజుల ముందే నిద్ర చెడుతుంది. ఫైల్లో ఫొటోలుంటాయి, అడ్డు ప్రశ్నలుంటాయి. ఆ వారం కొత్త మెట్టు పెట్టకూడదు, పాతదే చాలు. ప్రమాదం జరిగిన తేదీ తిరిగొచ్చే వారానికీ ఇంతే. క్యాలెండరులో ముందే గుర్తు పెట్టుకుంటే "మళ్లీ మొదటికొచ్చింది" అని బెంబేలు పడరు.

మండలంలో చూసేవాళ్లు లేరన్నవాళ్లకి 14416 రాసిచ్చాం. టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ అది, 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

తిరిగొచ్చేటప్పటికి మంచు దిగుతోంది. కుప్పల మీద పట్టాలు కప్పేశారు, రాళ్లు మాత్రం రోడ్డు అంచునే ఉన్నాయి. రేపటి కాగితం: బస్టాపు, పదకొండున్నర, అరగంట. ఫోను సంచీలో. అత్తగారు రావచ్చు, కానీ పది అడుగుల దూరంలో, మాట్లాడకుండా.