తూకానికి అందని నగలు

మ్యూనిక్ అనగానే అందరికీ బీరు పండగే గుర్తొస్తుంది. నేను మాత్రం మార్చి చలిలో, నగలు చూద్దామని వెళ్లాను. ఏటా ఆ రోజుల్లో అక్కడ చేతివృత్తులవాళ్ల అంతర్జాతీయ సంత జరుగుతుంది. అందులోనే 1959 నుంచి ‘ష్ముక్’ అనే ఆధునిక నగల ప్రదర్శన పెడుతున్నారు. ష్ముక్ అంటే జర్మన్‌లో నగ.

యూ2 మెట్రో దిగి హాల్లోకి వెళ్తే ముందు కనిపించినవి వంటింటి అల్మరాలు, కట్టెల పొయ్యిలు, తలుపులు. అవన్నీ దాటుకుని వెళ్తే గాని నగల అద్దాల పెట్టెలు రాలేదు. వందలమంది దరఖాస్తులు పంపితే వాటిలోంచి ఎంపిక చేసేది ఒకే ఒక్కరు, ఆ ఒక్కరూ ఏటా మారతారు. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. కమిటీలు ఎంచినవాటిలో ఉండే చప్పదనం ఇక్కడ లేదు, ఎంచిన మనిషి పిచ్చి ఏమిటో తెలిసిపోతుంది. అన్నీ గొప్పవేం కావు. కొన్నిటికి నగ కన్నా పక్కన అంటించిన వివరణే పెద్దది!

అసలు సందడి ఊళ్లో ఉంది. గ్యాలరీలే కాదు, ఖాళీ షాపులు, వర్క్‌షాపులు కూడా ఆ వారం ప్రదర్శనశాలలే. ఈ నగలకి మ్యూనిక్ ఇంత పేరున్న ఊరు కావడానికి ఇక్కడి ఆర్ట్ అకాడమీ ఒక కారణం. అక్కడ హెర్మన్ యుంగర్, ఆయన తర్వాత 1991 నుంచి 2014 దాకా ఒట్టో క్యూన్జ్‌లీ నగల క్లాసు నడిపారు.

క్యూన్జ్‌లీ 1980లో చేసిన చేతి గాజు పేరు ‘బంగారం గుడ్డివాళ్లను చేస్తుంది’. నల్ల రబ్బరు గొట్టం, ఒకచోట చిన్న ఉబ్బు. ఆ ఉబ్బులో బంగారు గుండు ఉంది. ఉందని ఆయన చెప్పాడు, మనం నమ్మాలి. చూడాలంటే రబ్బరు కోయాలి, కోస్తే గాజు పోయినట్టే. ఒక గ్యాలరీలో ఓ పెద్దావిడ చేతికి అలాంటిదే కనిపించింది. అడిగితే చెయ్యి చాపి తడిమి చూడమంది. వేలికి గట్టిగా, గుండ్రంగా ఏదో తగిలింది. బంగారమో ఇనుమో వేలికేం తెలుస్తుంది! “రబ్బరు పాతబడి పగిలితే?” అన్నాను. “అప్పటిదాకా తెలియకపోవడమే నాకిష్టం” అని నవ్వింది.

డేవిడ్ బీలాండర్ అనే నగల కళాకారుడి గాజులది ఇంకో రకం మాయ. అట్టపెట్టె ముక్కని కత్తిరించి, చుట్టి, స్టేప్లర్ కొట్టినట్టుంటాయి. అట్ట మధ్య ఉండే అలల పొర కూడా అంచున కనిపిస్తుంది. అదంతా వెండి, ఆ స్టేపుల్ పిన్నులేమో తెల్ల బంగారం. తెలియనివాళ్లు చెత్తబుట్టలో వేసేస్తారేమోనని నాకు టెన్షన్.

కొనేవాళ్లని, చేసేవాళ్లని గుర్తుపట్టడం తేలికే. కొనేవాళ్ల ఒంటిమీద మందపాటి ఉన్ని కోట్లుంటాయి, ఎందుకంటే బరువైన బ్రోచ్ (బట్టకి పిన్నుతో గుచ్చుకునే నగ) పెడితే పల్చటి బట్ట జారిపోతుంది. చేసేవాళ్లయితే బ్రోచ్ చేతికివ్వగానే ముందు తిప్పి వెనక పిన్ను చూస్తారు. ఒకాయన నా ముందే పిన్ను తీసి, పెట్టి, కొక్కెం ఎటు తిరిగిందో చూసి, ఆ తర్వాతే ముందువైపు చూశాడు. ముందువైపు గురించి ఒక్క మాటైనా అనలేదు.

ధర గురించి ఒక మాట. ఇక్కడ గ్రాముల లెక్క పనికిరాదు. ప్లాస్టిక్ హారం బంగారు ఉంగరం కన్నా ఖరీదు కావచ్చు. మళ్లీ అమ్మితే ఏమొస్తుందని అడిగితే వింతగా చూస్తారు. చాలామంది సేకర్తలు చివరికి మ్యూజియాలకే ఇస్తారు. అమెరికాలో గ్యాలరీ నడిపిన హెలెన్ డ్రట్ సేకరణ 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియానికి చేరింది.

వెళ్లాలనుకునేవాళ్లు పినాకోటెక్ దెర్ మోదెర్నె అనే మ్యూజియంలో ఉన్న నగల గది డన్నర్ రోటుండా వదలొద్దు. అక్కడ ఏడాది పొడుగునా ఇలాంటి నగలే ఉంటాయి, ఆదివారం టికెట్ ఒక్క యూరో. నడక బాగా ఉంటుంది, మంచి బూట్లు వేసుకోండి.